కంప్యూటర్ ఇంజనీరింగ్ విద్యార్థికి 75 శాతం హాజరు నిబంధన అవసరమా?

ఓరుగల్లు_సీఎస్‌ఈ:

వరంగల్ పరిసరాల్లోని ఒక ప్రైవేటు కళాశాలలో, కన్వీనర్ కోటా సీటుతో కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. కళాశాల పేరు చెప్పను. చెప్పబోయేది ఒక్క కళాశాల సంగతి కాదని ఇక్కడున్న చాలామందికి తెలుసు. హాజరు 75 శాతం ఉంటేనే సెమిస్టరు పరీక్ష రాయనిస్తారు. 65కూ 75కూ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి, రుసుము కట్టి కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకు మన్నింపు, తెచ్చుకోవాలి. 65 కన్నా తగ్గితే డిటెండ్ చేస్తారు, అంటే ఆ సెమిస్టరు మళ్ళీ చదవాలి. ఈ నిబంధన కంప్యూటర్ విద్యార్థికి మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తోందన్నది నా వాదన.

ఉదయం నుంచి సాయంత్రం నాలుగింటి దాకా మేము తరగతిలో కూర్చునే సమయంలో చాలా భాగం, పాఠ్యపుస్తకంలోని వాక్యాలనే తెరమీద వేసి చదివి వినిపించడంతో గడిచిపోతుంది. డేటా స్ట్రక్చర్స్ వంటి సబ్జెక్టు వినడంతో రాదు. ప్రోగ్రాము రాసి, అది పనిచేయక, ఎక్కడ తప్పిందో మనమే వెతికి పట్టుకున్నప్పుడు వస్తుంది. దానికోసమే ఉన్నదనుకునే మూడు గంటల ల్యాబులో మొదట పోయిన వారపు రికార్డులు దిద్దుతారు, తరువాత బోర్డు మీద ప్రోగ్రాము రాస్తారు, మేము దానిని అబ్జర్వేషన్ పుస్తకంలోకి ఎక్కించి, మిగిలిన సమయంలో టైపు చేసి, అవుట్‌పుట్ చూపించి సంతకం పెట్టించుకుంటాము. అదే ప్రోగ్రామును రాత్రి హాస్టల్లో మళ్ళీ రికార్డులోకి చేత్తో రాస్తాము. ఇలా నాలుగేళ్ళు రాసినవారి చేతిరాత బాగుపడుతుందేమో గాని, పాయింటర్ (మెమరీలోని చోటును సూచించేది) తప్పు చోటును చూపితే ప్రోగ్రాము ఎందుకు కూలిపోతుందో మాత్రం తెలియదు.

ప్రత్యామ్నాయం లేదా అంటే ఉంది. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడుపుతున్న ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు ఎవరైనా ఉచితంగా వినవచ్చు. రుసుము కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాసి ఉత్తీర్ణులైతే ధ్రువపత్రం ఇస్తారు. 2021 నాటి యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు, ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ ద్వారా చదివి, క్రెడిట్లు బదిలీ చేసుకునే వీలు కల్పించాయి. మా దగ్గర ఆ ధ్రువపత్రాలను అడిగి మరీ తీసుకొని గుర్తింపు తనిఖీల ఫైళ్ళలో పెడతారు. తీరా అదే సబ్జెక్టు తరగతిలో మేము మళ్ళీ కూర్చోవలసిందే. ఒక సబ్జెక్టులో అటువంటి పరీక్ష నెగ్గినవారికి ఆ సబ్జెక్టు హాజరు నుంచి మినహాయింపు ఎందుకు ఇవ్వకూడదు?

హన్మకొండ_అధ్యాపకుడు:

నేను ప్రైవేటు కళాశాలల్లోనే చాలాకాలంగా కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. రికార్డు గురించి మీరు రాసినదానిలో నాకు పేచీ లేదు. ఆ పద్ధతి విద్యార్థి కోసం కాక తనిఖీకి వచ్చే బృందాల కోసమే బతికి ఉన్నదని మా స్టాఫ్ రూములో మేమే అనుకుంటాము. హాజరు విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను.

మొదటిది, ఈ నిబంధన కళాశాల ఒక్కటే తలచుకుంటే మారేది కాదు. ఉపకారవేతనానికీ, బోధనా రుసుముల చెల్లింపునకూ 75 శాతం హాజరు షరతుగా ఉన్నది. మీరు అడిగే మినహాయింపును కళాశాల ఇచ్చినా, దానివల్ల మొదట నష్టపోయేది రుసుముల పథకం మీద ఆధారపడి చదివే పేద విద్యార్థే. రెండోది, మీరు ఎన్‌పీటీఈఎల్ పాఠాన్ని ఒంటరిగా కూర్చొని అర్థం చేసుకోగలిగారు, మంచిదే. కాని ములుగు, భూపాలపల్లి వైపు నుంచి ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి రికర్షన్ (ప్రోగ్రాములోని ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) అంటే ఏమిటో ఇంగ్లీషు పాఠాన్ని మధ్యలో ఆపి తెలుగులో చెప్పేవారు ఎదురుగా ఉండాలి. ఆ పని తరగతిలోనే జరుగుతుంది, ఎంత అరకొరగా జరిగినా సరే.

ఇక బోధన నాణ్యత ఎందుకు పడిపోయిందో కూడా చెప్పాలి. 2020 నుంచి కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ పేర్లతో కొత్త బ్రాంచీలు వచ్చాయి. మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకొని ఆ స్థానంలో కంప్యూటర్ సీట్లు తెచ్చుకున్న కళాశాలలు ఎన్నో ఉన్నాయి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. సీట్లు మంజూరైనంత వేగంగా అధ్యాపకులు తయారుకారు కదా! తమ విభాగంలో పిల్లలు లేక పనిభారం తగ్గిన మెకానికల్ సహోద్యోగులకు మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ అప్పగించడం నేను కళ్ళారా చూశాను. సెలవుల్లో పుస్తకం కొనుక్కొని, జూన్‌కల్లా పాఠం చెప్పడానికి సిద్ధమైన ఆ మనిషి తెర మీది వాక్యాలను చదవక ఏమి చేస్తాడు? పైగా 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రుసుముల చెల్లింపు పథకం బకాయిలు పేరుకుపోవడంతో మాకు జీతాలు నెలలు ఆలస్యమవుతాయి. ఆ బకాయిల కోసమే 2025 నవంబరులో యాజమాన్యాలు కళాశాలలు మూసి నిరసన తెలిపాయి. కాస్త బాగా చెప్పగలిగినవారు ఈ పరిస్థితిలో హైదరాబాదుకో, కంపెనీకో వెళ్ళిపోతారు. తరగతి బాగా లేదు కనుక తరగతికి రాము అని మీరంటే, బాగుచేయవలసిన అవసరమే యాజమాన్యానికి లేకుండా పోతుంది.

మడికొండ_ఉద్యోగి:

ఇక్కడే ఒక ప్రైవేటు కళాశాలలో చదివి, మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేస్తున్నాను. నియామక పరీక్షల్లో రికార్డు సంగతి ఎవ్వరూ అడగరు. అడిగేది ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, డేటా స్ట్రక్చర్స్. ఆపైన, మీ ప్రాజెక్టులో మీరు స్వయంగా రాసిన భాగమేదో చూపించమంటారు. ప్రాజెక్టును హైదరాబాదులోని అమీర్‌పేటలో కొని తెచ్చుకున్నవారు తడబడేది అక్కడే. అయితే చాలా కంపెనీలు 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిన సబ్జెక్టులు) లేకపోవడం అన్న గీత గీసి, ఆ తరువాతే పరీక్షకు పిలుస్తాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 (2022లో అమలులోకి వచ్చిన) నిబంధనల్లో వందకు 40 మార్కులు అంతర్గత మూల్యాంకనానివే. తరగతిలో కనిపించని విద్యార్థికి ఆ 40లో ఎన్ని పడతాయో ఓరుగల్లు_సీఎస్‌ఈ గారు ఆలోచించాలి. మినహాయింపు కాగితం మీద వచ్చినంత మాత్రాన సరిపోదు.

నర్సంపేట_ఐటీ:

ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని ఒక విషయం ఉన్నది. నేను నర్సంపేట దగ్గరి ఊరి నుంచి రోజూ వచ్చి, మూడో సంవత్సరం చదువుతున్నాను. ఓరుగల్లు_సీఎస్‌ఈ గారు తరగతికి వెళ్ళకపోతే ఆ సమయంలో లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. నేను వెళ్ళకపోతే ఇంట్లో ఉంటాను, ఇంట్లో ఉన్న ఆడపిల్లకు ఖాళీ సమయం ఉంటుందని మా ఇళ్ళలో ఎవరూ అనుకోరు. మిరప కాయ ఏరే రోజుల్లో కూలీలు దొరక్కపోతే, "ఇయ్యాల కాలేజీ ఉన్నదా?" అని అమ్మ అడుగుతుంది. ఉన్నది, పోకపోతే పరీక్ష రాయనియ్యరు అని నేను చెప్పగలుగుతున్నానంటే, అది 75 శాతం నిబంధన చలవే. పెళ్ళి చూపులనీ, చుట్టాలింట్లో ఫంక్షన్లనీ నన్ను ఆపాలని చూసిన ప్రతిసారీ నా తరఫున వాదించింది ఆ నిబంధనే. దానిని ఐచ్ఛికం చేస్తే, మా ఇళ్ళలో ఆ ఎంపిక నాకు ఉండదు, నాన్నకు ఉంటుంది. ఎన్‌పీటీఈఎల్ పరీక్ష నెగ్గి మినహాయింపు తెచ్చుకున్న అమ్మాయిని, "ఇక రోజూ బస్సెక్కి పోవుడెందుకు?" అనడానికి ఒక్క రోజు కూడా పట్టదు.

తరగతులు బాగున్నాయని నేను అనడం లేదు. మాకు జావా చెప్పిన మేడం సగం సెమిస్టరులో మానివేస్తే, మిగతా సగం ఎవరు ఖాళీగా ఉంటే వారే వచ్చి వెళ్ళారు. కాని కళాశాలకు రావడం వల్ల నాకు ల్యాబులో కంప్యూటరు దొరికింది, తప్పు ఎక్కడుందో చెప్పే స్నేహితురాళ్ళు దొరికారు. మా ఇంట్లో లాప్‌టాప్ లేదు. మొదటి రెండేళ్ళు నేను రాసిన ప్రోగ్రాములన్నీ ల్యాబులో రాసినవే. కనుక హాజరు ఉండాలి, ఆ హాజరు ల్యాబులో ఉండాలి.

పరకాల_తండ్రి:

మా బాబుది బీసీ కోటాలో పదివేలు దాటిన ర్యాంకు. రుసుముల పథకం కింద ప్రభుత్వం ఏడాదికి ఇచ్చేది 35,000 రూపాయలే కాబట్టి మిగిలిన రుసుము, బస్సు ఖర్చు పత్తి అమ్మిన డబ్బుతో కడుతున్నాము. తరగతికి రానవసరం లేదంటే ఈ డబ్బు దేనికి కడుతున్నట్టు? ఎన్‌పీటీఈఎల్ ఉచితమని మీరే అంటున్నారు. అధ్యాపకులు లేని కళాశాలకు సీట్లెందుకు ఇచ్చారో అడగాలి గాని, పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టే మార్గాలు వెతకడం నాకు నచ్చలేదు.

ఓరుగల్లు_సీఎస్‌ఈ:

నర్సంపేట_ఐటీ గారి మాట నా ప్రతిపాదన రూపాన్ని మార్చింది. ఇంట్లో ఉండే హక్కు అడగను. కళాశాల ఆవరణలోనే ఉంటూ తరగతికి బదులు ల్యాబులో పనిచేసే హక్కు అడుగుతాను. ఎన్‌పీటీఈఎల్ పరీక్ష నెగ్గిన సబ్జెక్టు గంటల్లో విద్యార్థి ల్యాబుకు వెళితే, అక్కడి బయోమెట్రిక్ హాజరునే ఆ సబ్జెక్టు హాజరుగా లెక్కించాలి. దీనితో ఉపకారవేతనం షరతు దెబ్బతినదు, ఇంట్లో చెప్పుకోవడానికీ ఇబ్బంది ఉండదు. దీనితోపాటు చేత్తో రాసే రికార్డును తీసివేసి, విద్యార్థి తన ప్రోగ్రామును అధ్యాపకుడి ఎదుట మార్చి చూపించే పద్ధతి పెట్టాలి. "ఈ లూప్‌ను తిరగేసి రాయి" అని ఒక్క ప్రశ్న అడిగితే, చూసి ఎక్కించినవారెవరో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

పరకాల_తండ్రి గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సీట్ల మంజూరు మా చేతిలోని పని కాదు, హాజరు పద్ధతి కనీసం కళాశాల స్థాయిలో మాట్లాడగలిగినది.

హన్మకొండ_అధ్యాపకుడు:

ఇది ఆచరణలో పెట్టగలిగిన ప్రతిపాదనే, కాని అన్నిచోట్లా కాదు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలల్లో నిబంధనలు ఆ కళాశాల అకడమిక్ కౌన్సిల్ ముందుకు వస్తాయి; అక్కడ అడగవచ్చు. విశ్వవిద్యాలయ నిబంధనలను ఉన్నదున్నట్టు పాటించే అనుబంధ కళాశాలల్లో ప్రిన్సిపాల్‌కు కూడా ఆ అధికారం ఉండదు. రికార్డు విషయం ఇంతకన్నా తేలిక, ఎందుకంటే ల్యాబు అంతర్గత మార్కులు ఎలా వేయాలన్నది చాలావరకు విభాగంలోనే తేలుతుంది. మా విభాగంలో నేనే ఈ సెమిస్టరు ఒక సెక్షన్‌కు ప్రతిపాదిస్తాను. అరవైమంది చేత ఒక్కొక్కరుగా ప్రోగ్రాము మార్పించి చూడటానికి మూడు గంటల ల్యాబు చాలదు. ఇద్దరు అధ్యాపకులుండాలి, లేదా ల్యాబును సాయంత్రం ఆరు వరకు తెరిచి ఉంచాలి. రెండోదే సులువు.

నర్సంపేట_ఐటీ:

సార్, ఆరు వరకు తెరిస్తే అది హాస్టల్ వారికే పనికివస్తుంది. మా బస్సులన్నీ 4.30కే కదులుతాయి. ప్రతిపాదన పెట్టేటప్పుడు, ఆరు తరువాత ఒక్క బస్సైనా నర్సంపేట దారిలో వేయాలని కూడా రాయండి. లేకపోతే ఆ ల్యాబు సమయాన్ని మధ్యాహ్నం టైంటేబుల్‌లోకే తెండి.