తాడు చెరిపేస్తే తప్పా? (ఆడుకునే కుక్కల ఫొటోలు)

గడ్డిపోచ:
అందరికీ నమస్కారం. ఏడాదిగా సరదాకి మా కుక్క ఆటల్ని ఫొటోలు తీస్తున్నాను. వదిలేస్తే పిలిచినా రాదు, అందుకని ఆరుబయట పొడుగు తాడు కట్టే ఆడిస్తాం. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఆ తాడు చెరిపేస్తాను. మొన్న ఒకటి 'స్వేచ్ఛ' అని పేరు పెట్టి ఇక్కడ పెడితే ఒకరు "కాలర్ ఓ పక్కకి లేచి ఉంది, లాగుతున్నది దెయ్యమా?" అని అడిగారు. అప్పుడు నవ్వేశాను గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. తాడు చెరిపితే తప్పంటారా? మీరైతే ఏం చేస్తారు?

పాతలెన్సు:
దెయ్యం మాట అన్నది నేనే. తప్పే అంటాను.

కెమెరా లోపలి సెన్సర్ మీద దుమ్ము పడితే తుడవండి, ఎవరూ ఏమీ అనరు. తాడు దుమ్ము కాదు. ఆ క్షణంలో కుక్క ఎంత దూరం పోవాలో, ఎక్కడ ఆగాలో తేల్చింది ఆ తాడే. దాన్ని తీసేసి పైన 'స్వేచ్ఛ' అని పేరు! నాకు మండింది అక్కడే.

2009 వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ గుర్తుందా? గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫొటోకి మొదటి బహుమతి ఇచ్చి, 2010 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. గొడవ ఎడిటింగ్ గురించి కాదు. అది అడవి తోడేలు కాకపోవచ్చు, మచ్చిక చేసినది అయ్యుండొచ్చని జడ్జీలు అనుకున్నారు. తీసినాయన ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. చూసేవాడు ఏమని నమ్ముతున్నాడన్నదే అక్కడ లెక్క.

చారుశీల:
పాతలెన్సు గారూ, అది పోటీ. అడవి జంతువుకి అక్కడ నియమాలున్నాయి. గడ్డిపోచ గారి కుక్కని ఎవరూ తోడేలనుకోరు.

నాది షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క. ఇంకో కుక్క కనబడితే ఆగదు. తాడు లేకుండా వాడిని గుమ్మం దాటనివ్వను, మంచి ఫొటో కోసమైనా సరే. కాబట్టి చెరుపుతాను. చెరపడం వల్లే విప్పాల్సిన అవసరం రావడం లేదు.

గడ్డిపోచ గారూ, మీరు ముందు మార్చుకోవాల్సింది వేరే ఉంది. తాడు కాలర్‌కి కట్టకండి. హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేసి వీపు మీది రింగుకి కట్టండి. పరుగు మీదున్న కుక్క పది మీటర్ల తాడు చివరికొచ్చిందంటే ఆ కుదుపంతా మెడ మీదే పడుతుంది. పైగా వీపు నుంచి తాడు పైకి పోతే ఒంటికి అడ్డం రాదు. గడ్డి మీద చెరపడం రెండు నిమిషాల పని, బొచ్చు మీదైతే రాత్రంతా కూర్చోవాలి. అదే చోటు నుంచి, వెలుతురు సెట్టింగులు మార్చకుండా అదే ఎక్స్‌పోజర్‌తో కుక్క లేని ఖాళీ ఫ్రేమ్ ఒకటి తీసి ఉంచుకుంటే అందులోని గడ్డి తెచ్చి అతికించుకోవచ్చు.

షట్టర్‌బాబు:
ఫొటో చూశాను. తాడు సంగతి తర్వాత, ముందు ఇది చూడండి: కాళ్ళు కదిలిపోయి మసకగా వచ్చాయి. షట్టర్ వేగం ఎంత పెట్టారు?

గడ్డిపోచ:
1/500 సెకను అండీ. సాయంత్రం కదా, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచాలంటే భయమేసింది.

షట్టర్‌బాబు:
పరిగెత్తే కుక్కకి కనీసం 1/1600 ఉండాలి. ఐఎస్ఓ పెంచితే వచ్చే నలుసులు తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కాళ్ళని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. ఇంకో మాట, కుక్క నల్లది కదా, కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌ని నమ్మితే బూడిద రంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుతురు సగానికి.

నీడపట్టు:
తాడు పోయింది సరే, గడ్డి మీద తాడు నీడ అలాగే ఉంది చూసుకోండి.

పాతలెన్సు:
అదీ సంగతి! దొంగతనం చేసి చెప్పులు వదిలేసి వచ్చినట్టు.

చారుశీల:
నీడ మిగిలితే అది పనితనంలో లోపం. మీరు దాన్ని నీతిలో లోపం చేస్తున్నారు.

పాతలెన్సు:
పనితనం గురించే మాట్లాడదాం. జంతువుల కదలికల్ని వరస ఫొటోలుగా తీసిన మైబ్రిడ్జ్ 1887లో 781 ప్లేట్లు అచ్చు వేశాడు, గుర్రాలతో పాటు పరిగెత్తే కుక్కలు కూడా ఉన్నాయి అందులో. వెనక తెర మీద కొలత గీతలు కనిపిస్తూనే ఉంటాయి. అందం చెడినా సరే ఆయన గీతలు చెరపలేదు. ఎలా తీశాడో చూసేవాడికి తెలుస్తూనే ఉంటుంది.

చారుశీల:
మంచి ఉదాహరణే ఎంచుకున్నారు! ఆ ప్లేట్లలో కొన్నిటిలో సరిగా రాని ఫ్రేముల చోట వేరేవి తెచ్చి అతికించాడని చరిత్రకారులు తర్వాత పట్టుకున్నారు. మీ గీతల పెద్దమనిషి కూడా అతుకులేశాడు.

షట్టర్‌బాబు:
ఆయన షట్టర్ 1/500 కన్నా వేగంగా ఉండేదని ఎక్కడో చదివినట్టు గుర్తు.

మావయ్యకుక్క:
మా పెళ్ళి ఆల్బంలో మావయ్యనే చెరిపేశారు. తాడెంత?

పాతలెన్సు:
జోకులేయండి. ఇక్కడ కొత్తవాళ్ళకి మోసం పాఠం చెబుతున్నారు, "రెండు నిమిషాల పని" అని. మీ గ్యాలరీ మొత్తం చూశాను చారుశీల గారూ. అరవై పైగా ఫొటోలు, ఒక్కదాంట్లో తాడు లేదు. ఒక్కచోటా చెప్పనూ లేదు.

చారుశీల:
నా గ్యాలరీ కూర్చుని లెక్కపెట్టారా? మీకు వేరే పనేం లేదా? మోసం అనే మాట వెనక్కి తీసుకోండి. నా కుక్క నా చేతిలోనే ఉంది, ఎవరి మీదా పడలేదు, ఎక్కడా తప్పిపోలేదు. మీలాగా "సహజంగా తీశాం" అని చెప్పుకోవడానికి దాన్ని గాలికొదిలేసేవాళ్ళకన్నా నయం.

పాతలెన్సు:
గాలికొదిలేశానా? ఏం తెలుసని అంటున్నారు?

నిర్వాహకుడు:
ఇద్దరూ ఆగండి. ఇంకొక్క వ్యక్తిగత మాట వస్తే చర్చకి తాళం వేస్తాను.

పాతలెన్సు:
తాళం వేసే లోపు ఇది రాసేస్తాను, తర్వాత మీ ఇష్టం.

మూడేళ్ళ క్రితం ఇలాంటి వేదికలోనే ఒకాయన ఫొటోలు పెట్టేవాడు. పచ్చిక, బంతి కోసం గాల్లోకి లేచిన కుక్క, ఒంటి మీద నూలుపోగు లేదు. వెనకాల ఏదో రంగు మరక. ఆ మరక రోడ్డు. దూరాన్ని దగ్గర చేసే 200 ఎంఎం లెన్సుని బాగా తెరిచి ఎఫ్ 2.8 పెడితే రోడ్డు కూడా పువ్వుల మడిలా కరిగిపోతుంది, మీకందరికీ తెలిసిందే. ఆయన కుక్క అంత చక్కగా ఉండగా నాది ఎందుకు ఉండదు అనుకున్నాను. వారం రోజులు పిలిస్తే రావడం నేర్పాను. వస్తోంది కదా అని విప్పాను.

ఎనిమిది ఫ్రేములు వచ్చాయి. ఎనిమిదీ ఇప్పటికీ ఉన్నాయి. తొమ్మిదో దాంట్లో గడ్డి తప్ప ఏమీ లేదు. పిట్ట వెంట పడింది. ప్రాణం దక్కింది. వెనక కాలొకటి తీసేశారు.

తర్వాత ఆయనకి రాశాను, మీ కుక్క ఎలా ఆగుతుందండీ అని. "అయ్యో, అది తాడు మీదే ఉందండీ, ఎడిట్ చేశాను" అన్నాడు. పక్కన నవ్వు బొమ్మ.

విప్పింది నేనే. ఆయన చేతులు కాదు, నా చేతులు. అది నాకు తెలుసు. కానీ చారుశీల గారి అరవై ఫొటోల్లో ప్రతిదీ చూస్తున్నప్పుడు దాన్ని చూసి ఎవడు విప్పుతాడో అనే ఆలోచనే వస్తుంది.

మావయ్యకుక్క:
సారీ అన్నా. జోకు వెనక్కి తీసుకుంటున్నా.

చారుశీల:
ఇది మొదటి పోస్టులోనే చెప్పుంటే తోడేలు గురించీ మైబ్రిడ్జ్ గురించీ ఇంతసేపు కొట్టుకునేవాళ్ళం కాదు. గాలికొదిలేయడం అన్న మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి.

కానీ నా సంగతీ వినండి. మావాడు బయటికొస్తే మూతికి బుట్ట, ఒంటికి తాడు. ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుంటారు, పిల్లల్ని ఎత్తుకుంటారు. వాడి జీవితమంతా అంతే. మా ఇంట్లో గోడ మీద ఒక్క ఫొటోలోనైనా వాడు మామూలు కుక్కలా ఉండాలని నాకుంది. చెరిపేది మీ కోసం కాదు, మిమ్మల్ని నమ్మించడానికి అంతకన్నా కాదు. గోడ మీదిది అలాగే ఉంటుంది. ఇక్కడ పెట్టేవాటి కింద "తాడు చెరిపాను" అని రాస్తాను.

పాతలెన్సు:
కింద రాసింది ఎవరు చదువుతారండీ? ఫొటోని ఎవరో ఎత్తుకెళ్ళి ఇంకోచోట పెడతారు, రాత ఇక్కడే ఉండిపోతుంది. ఆయన కూడా ఎక్కడో రాసే ఉంటాడు, నాకు కనబడలేదంతే.

చారుశీల:
అయితే తాడున్న ఫ్రేమూ లేని ఫ్రేమూ కలిపి ఒకే బొమ్మగా పెడతాను. ఎత్తుకెళ్తే రెండూ పోతాయి. ఇంతకన్నా దిగను.

పాతలెన్సు:
పెట్టండి. చూస్తాను. ఒప్పుకున్నానని కాదు.

మూతికి బుట్ట ఉన్న ఫొటో ఉంటే అదీ పెట్టండి.

గడ్డిపోచ:
నేను అడిగిన చిన్న ప్రశ్న ఇంతదూరం వస్తుందనుకోలేదు. పాత ఫొటో తీసేశాను. ఇవాళ హార్నెస్ కట్టి, 1/2000లో కొత్తగా తీశాను. నేల మీద పడుకుని తీశాను, మోచేతులు రెండూ గీరుకుపోయాయి. తాడు చెరపలేదు, గాల్లో మెలిక తిరిగి బాగానే కనిపిస్తోంది. పేరు కూడా మార్చాను: 'పది మీటర్లు'.

షట్టర్‌బాబు:
కాళ్ళు ఇప్పుడు బాగొచ్చాయి. ఫోకస్ ముక్కు మీద పడింది, కన్ను మీద కాదు.