కొట్టు నడిపే ఆవిడే డిటెక్టివ్ అయితే, చిక్కు కొట్టులోనే విడిపోయే నవలలు ఉన్నాయా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

నమస్తే అండి. నాది పర్లాకిమిడిలో మ్యాచింగ్ సెంటర్. లైనింగులు, ఫాల్స్, టూ బై టూ రూబియా, దారాలు, హుక్కులు అమ్ముతాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఫోన్‌లో కోజీ మిస్టరీలు చదువుతాను. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. వీటిలో హత్య ఉంటుంది కానీ నెత్తురు కళ్ల ముందు పారదు, బూతు ఉండదు. ఊరు చిన్నది. హంతకుణ్ణి పట్టుకునేది పోలీసు కాదు, మనలాంటి మామూలు మనిషి. అందులోనూ కొట్టు నడిపే ఆడవాళ్ల కథలంటే నాకు ప్రాణం.

జోఆన్ ఫ్లూక్ రాసిన హానా స్వెన్సన్ కథలతో మొదలుపెట్టాను. మొదటి నవల 2000లో వచ్చింది. అమెరికాలోని మిన్నెసోటాలో, లేక్ ఈడెన్ అనే కల్పిత ఊళ్లో హానాకి కుకీల బేకరీ ఉంది. పాల డెయిరీ సరుకు వేసే అతను ఆ బేకరీ వెనకాలే హత్యకు గురై కనిపిస్తాడు. చుట్టూ ఆమె చేసిన కుకీలే పడి ఉంటాయి. ఆ ఒక్క సన్నివేశం చాలు నాకు. సరుకు వేసే మనిషి రాకపోతే ముందు తెలిసేది కొట్టువాళ్లకే కదా! టెక్కలి నుంచి నాకు సరుకు తెచ్చే ఆటో అబ్బాయి చెప్పిన వేళకి రాకపోతే, వాళ్లింట్లో వాళ్లకన్నా ముందు నాకే టెన్షన్ మొదలవుతుంది.

తర్వాత లారా చైల్డ్స్ టీ కొట్టు కథలు, క్లియో కాయిల్ కాఫీ కథలు చదివాను. వంటల విధానాలు కూడా ఇస్తారు, బాగుంటాయి. కానీ ఒక వెలితి ఉంది. చాలాచోట్ల నాలుగు అధ్యాయాలు అయ్యేసరికి ఆవిడ కొట్టుని పనివాళ్లకి అప్పగించి ఊరంతా తిరుగుతూ ఉంటుంది. పెళ్లిళ్ల రోజుల్లో నేను గల్లాపెట్టె వదిలి వీధి చివరి వరకు కూడా పోలేను. చివరికి గుట్టు తేలేది కూడా ఎక్కడో చాటుగా విన్న మాటతోనే. ఆ వ్యాపారం తెలిసిన మనిషికి మాత్రమే కనిపించే గుర్తుతో తేలాలని నా కోరిక.

మా పనిలోదే ఒకటి చెబుతాను. చీర పట్టుకుని వచ్చినవాళ్లని మేం గుమ్మం బయటికి తీసుకెళ్లి ఎండలో రంగు కలిపి చూపిస్తాం. ట్యూబ్‌లైట్ కింద రామా గ్రీన్, నెమలికంఠం ఒకలాగే ఉండొచ్చు. జాకెట్ మీద షేడ్ తేడా కనిపించిందంటే, అది చీకటిపడ్డాక హడావిడిగా కొన్నది కావచ్చు, లేదా చీర చేతిలో లేకుండా కొన్నది కావచ్చు. ఇంత మంచి ఆధారాన్ని కథల్లో ఎవరూ ఎందుకు వాడరు?

ఇలా వృత్తితోనే చిక్కు విప్పే నవలలుంటే చెప్పండి. తెలుగులో ఒకటి నేనే రాయాలని కూడా ఉంది. అసలు పోలీసులు కొట్టుమనిషిని కేసు దరిదాపులకి రానిస్తారా? నమ్మేలా ఎలా రాయాలి?

బరంపురం పాఠకుడు:

అమ్మా, క్లియో కాయిల్ కాఫీ కథల్లో మొదటిది (2003) మళ్లీ ఒకసారి చూడండి. న్యూయార్క్‌లో క్లేర్ నడిపే కాఫీ కొట్టు చిందరవందరగా ఉంటుంది. అసిస్టెంట్ మేనేజర్ స్పృహ లేకుండా పడి ఉంటుంది, కాఫీ పొడి నేలంతా చెల్లాచెదురు. బయటివాళ్లు జొరబడిన జాడ లేదు కనక పోలీసులు ప్రమాదమని తేల్చేస్తారు. క్లేర్ ఒప్పుకోదు. మీరు అడిగినదానికి మీ పట్టికలో ఇదే దగ్గరిది.

మా తరం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని చదివి పెరిగింది. యుగంధర్‌కి అదే వృత్తి, అనుమానం వస్తే తనే వెళ్తాడు. మీరు రాయబోయే కథలో కొట్టు నడిపే ఆవిడకి అలా వెళ్లడం కుదరదు, అనుమానితులే ఆవిడ దగ్గరికి రావాలి. అందుకే అది వేరే రకం కథ. అగాథా క్రిస్టీ నవలల్లోని మిస్ మార్పుల్‌కి (మొదటి నవల 1930) కొట్టు లేదు, కానీ పల్లెలో తెలిసిన మనుషుల స్వభావాలతో పోల్చుకుని హంతకుణ్ణి పసిగడుతుంది. మీ ఆవిడని గుమ్మం దాటించకండి. ఫాల్ కుట్టడానికి చీర ఇచ్చినవాళ్లు తీసుకోవడానికి రెండోసారి రాక తప్పదు కదా.

మందుల కొట్టు, రాయగడ:

అప్పా, మా వ్యాపారంలో అయితే ఆధారం రాతపూర్వకంగానే ఉంటుంది. షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే కొన్ని నిద్రమాత్రలు, కొన్ని యాంటీబయాటిక్స్, అమ్మితే డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చామో విడిగా రిజిస్టరులో రాయాలి, మూడేళ్లు దాచాలి. 2014 మార్చి నుంచి ఈ రూలు. ఒకే రోగి పేరు మీద ఇద్దరు డాక్టర్ల చీటీలు వస్తే మొదట కనిపించేది మాకే. మీ కథలో మందుల కొట్టతన్ని పెట్టండి, పక్క కొట్టే అనుకుందాం.

గుణుపురం గుమస్తా (వకీలు ఆఫీసు):

పోలీసుల సంగతి నేను చెబుతాను. అనుమానాస్పద మరణమైతే ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పెద్దమనుషుల ఎదుట శవ పంచనామా చేయాలి. ఇంతకుముందు సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 174వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్. ఆ పక్కనే కొట్టు ఉన్నవాళ్లని పిలవడం మామూలే. కాబట్టి మీ ఆవిడ దొంగచాటుగా దూరక్కర్లేదు, పోలీసులే పిలుస్తారు. దెబ్బలు, గాయాలు, మరణానికి కనిపించే కారణం అందులో రాస్తారు. ఇంకో సంగతి, ఆ రిపోర్టు మీద దానితో ఏకీభవించినవాళ్లే సంతకం పెట్టాలని సెక్షన్‌లోనే ఉంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

గుమస్తా గారూ, ఆ చివరి వాక్యం దగ్గరే నాకు కథ దొరికింది! పంచనామాకి పిలిస్తే వెళ్తుంది. మిగతావాళ్లంతా సంతకం పెడతారు, ఈవిడ పెట్టదు. చనిపోయినామె ఒంటి మీద జాకెట్ ఆ చీరకి కలవదు. ఆ చీరకి లైనింగ్, దారం ఎండలో కలిపి ఇచ్చింది తనే. ఎస్సైకి రంగుల గొడవ అర్థం కాదు, కోప్పడతాడు. మర్నాడు ఫాల్ చీటీ పట్టుకుని ఇంకెవరో వస్తారు.

బరంపురం గారూ, గుమ్మం దాటించను, పంచనామాకి తప్ప. రాయగడ తమ్ముడూ, మీ రిజిస్టరు రెండో చావుకి దాచుకుంటున్నాను.

ఇంకొక్క సందేహం. మా ఊరు ఒడిశా, మాకు పాతపట్నం పక్కనే, అదేమో ఆంధ్ర. శవం అటువైపు దొరికి, మనిషి ఇటువైపుదైతే ఫిర్యాదు ఏ స్టేషన్లో ఇవ్వాలి?

గుణుపురం గుమస్తా (వకీలు ఆఫీసు):

తీవ్రమైన నేరమైతే ఎక్కడైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. అదే సంహితలో 173వ సెక్షన్ చూడండి. తర్వాత అసలు స్టేషన్‌కి పంపుతారు. పంచనామా మాత్రం శవం ఉన్నచోటే. అంటే మీ ఆవిడ కొట్టు పాతపట్నం వైపు ఉండాలి, లేకపోతే శవాన్ని ఇవతలికి తేవాలి. ముందు అది తేల్చుకోండి.