కీర్తనల రికార్డింగుకి లాప్‌టాప్ సరిపోతుందా? ఏ ఇంటర్‌ఫేస్, ఏ సాఫ్ట్‌వేర్?

గుణదల_కుర్రాడు
అందరికీ నమస్కారం. మా అక్క ఇంట్లోనే సంగీతం నేర్పుతుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు సాధన చేసుకోవడానికి కీర్తనలు పాడి పంపమంటున్నారు. ఇన్నాళ్లూ ఫోన్లోనే కానిచ్చాం. పల్లవి దాటేలోపు కుక్కర్ విజిల్, పైన ఫ్యాను హోరు. ఉన్నది విండోస్ లాప్‌టాప్, ఐ5, 8 జీబీ ర్యామ్. మైకుతో కలిపి పదిహేను వేలు దాటకూడదు. మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె, అదే ఇంటర్‌ఫేస్, దానికి ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెహ్రింగర్ యూఎంసీ202హెచ్‌డీ చూశాను. సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే ఆడాసిటీ, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో అని తలా ఒకటి చెబుతున్నారు. బుర్ర తిరిగిపోతోంది.

శ్రుతిపెట్టె
సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు ఇది చెప్పు, ఒకేసారి ఎన్ని మైకులు పెడతారు? సోలో వెనకా ముందూ కలిపి రెండు ఇన్‌పుట్లు కనిపిస్తాయి గానీ మైకు పెట్టుకునేది ఒక్కటే. రెండోది గిటారు, కీబోర్డు లాంటివాటికి. ఇది చూసుకోక కొన్నవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు, అందులో మా తమ్ముడొకడు.

గుణదల_కుర్రాడు
అయ్యో, నేనూ రెండు మైకులనే అనుకున్నానండీ. అక్క గొంతు ఎప్పుడూ ఉంటుంది. ఆదివారాలు మృదంగం మాస్టారు వస్తారు.

శ్రుతిపెట్టె
అయితే సోలో కొట్టేయ్. 202 గానీ, డబ్బు సరిపోతే స్కార్లెట్ 2ఐ2 గానీ చూడు. రెండిట్లోనూ రెండు మైకులు పడతాయి, రెండిట్లోనూ 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్లోంచే మైకుకి అందే కరెంటు) ఉంది, అంటే అది కావాల్సిన కండెన్సర్ మైకూ నడుస్తుంది. నన్నడిగితే మాత్రం మీ ఇంటికి డైనమిక్ మైకే మేలు. కండెన్సర్ పక్కింటి కుక్కర్ని కూడా వదలదు.

ఎల్గందుల_పాట
అన్నా, నాది కరీంనగర్. ఊళ్ల పాడేటోళ్ల పాటలు రికార్డు చేస్త. డ్రైవర్ సంగతి ఎవ్వరు చెప్తలేరు, నేను చెప్త. ముందుగాల చవకల వచ్చిందని ఒక డబ్బా కొన్న, పేరెందుకు గని. దానికి సొంత ఏషియో డ్రైవర్ (విండోస్ల గొంతు ఆలస్యం కాకుండ చూసే సాఫ్ట్‌వేర్) లేదు, దాని బదులు ఏషియో4ఆల్ ఏసుకొని నెట్టుకొచ్చిన. హెడ్‌ఫోన్ల ఇనుకుంట పాడితె గొంతు ఆలస్యంగ ఇనవడేది, నడుమ నడుమ టిక్కు టిక్కుమని సప్పుడు. ఒక అవ్వ పాట ఆపి, "నా ఎనుక ఇంకెవరో పాడుతున్నరు బిడ్డా" అన్నది! ఆ దినమే అది పక్కన పడేసిన. కొనేముందు కంపెనీ సైటుల విండోస్ డ్రైవర్ ఉన్నదా లేదా చూడు. నువ్వు చెప్పిన రెండిటికీ ఉన్నది.

డల్లాస్_తాతబ్బాయి
అవ్వ మాట భలే ఉంది 😀 ఆ ఆలస్యాన్ని లెక్కగట్టుకోవచ్చు. లాప్‌టాప్ శబ్దాన్ని శాంపిళ్లనే చిన్న ముక్కలుగా తీసుకుని, కొన్ని పోగయ్యాక ఒక్కసారి పంపుతుంది, ఆ పోగే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్లు పెట్టి, బఫర్ 256 ఉంచితే ఒక్కో బఫరుకి 5.3 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం అంతసేపట్లో సుమారు ఆరడుగులు వెళ్తుంది. అంటే కచేరీలో మృదంగం ఉన్నంత దూరమే, ఎవరికీ ఇబ్బంది లేదు. అదే 1024 పెడితే 21 మిల్లీసెకన్లు, పాతికడుగుల అవతలి నుంచి విన్నట్టు. లోపలికొకసారి, బయటికొకసారి కాబట్టి అసలు ఆలస్యం దీనికి రెట్టింపు పైనే. రికార్డింగప్పుడు బఫర్ తగ్గించుకోండి, మిక్సింగప్పుడు (ట్రాకులన్నీ కలిపి సరిచూసుకునేటప్పుడు) పెంచుకోండి.

ఇంతకన్నా తేలిక దారి డైరెక్ట్ మానిటరింగ్. ఇంటర్‌ఫేస్ మీదే ఉంటుంది, గొంతు లాప్‌టాప్ చుట్టూ తిరగకుండా నేరుగా హెడ్‌ఫోన్లోకి వస్తుంది. అక్కగారికి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం ఇవ్వకండి, లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.

సాఫ్ట్‌వేరుకి నా ఓటు రీపర్. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత ఇంటివాడకానికి లైసెన్సు 60 డాలర్లు. పాత లాప్‌టాపుల మీద కూడా బరువనిపించదు. మొదటి రెండు రోజులు మెనూలు చూసి భయపడతారు, అంతే.

బీట్_బాబాయ్
ఎఫ్ఎల్‌ని ఎందుకు తీసిపారేస్తున్నారు బ్రో? నేను పదేళ్లుగా వాడుతున్నా.

శ్రుతిపెట్టె
తీసిపారేయలేదు, బీట్లు కట్టడానికి దాన్ని మించింది నాకూ తెలీదు. కానీ అందులో అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో మైకు నుంచి ఆడియో రికార్డు చెయ్యడం కుదరదు. ప్రొడ్యూసర్ ఎడిషన్ దగ్గర్నించే. వీళ్లకి కావాల్సిందే అది. ఒట్టి గొంతు రికార్డు చేసి, దగ్గులూ తుమ్ములూ కత్తిరించుకోవడానికైతే ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. మృదంగం వేరే ట్రాకు, తంబుర వేరే ట్రాకు అన్నప్పుడే రీపర్ హాయి.

తంబుర అంటే గుర్తొచ్చింది. యాప్ శ్రుతిని స్పీకర్లో పెట్టి పాడొద్దు, హెడ్‌ఫోన్లో వినాలి. శ్రుతి మైకులోకి దూరిందా, తప్పు పాడిన చోట అతికించినప్పుడు అతుకు దగ్గర తంబుర తెగినట్టు వినిపిస్తుంది. ఇంకోటి, పాడిన స్వరాన్ని సాఫ్ట్‌వేరే సరిచేసే పిచ్ కరెక్షన్ జోలికి పోవద్దు. తోడిలో గాంధారం ఊగాలి, అదేమో దాన్ని తెచ్చి ఒకచోట నిలబెడుతుంది. ఊగకపోతే అది తోడి ఎలా అవుతుంది?

బీట్_బాబాయ్
సరే, ఈ ఒక్కదానికీ ఒప్పుకున్నా 🙏

గుణదల_కుర్రాడు
మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించాలి. 202 కొన్నాను, ఒక డైనమిక్ మైకు కొన్నాను, రెండోది మాస్టారే తెచ్చుకుంటున్నారు. రీపర్ నడుస్తోంది. అంతా బాగుందనుకునేసరికి హెడ్‌ఫోన్లో ఒకటే గుయ్ గుయ్. కేబుల్ మార్చాను, మైకు మార్చాను, పోలేదు.

ఎల్గందుల_పాట
చార్జర్ పీకి చూసినవా అన్నా? లాప్‌టాప్ మీద చెయ్యి పెడితె జివ్వుమంటదా?

గుణదల_కుర్రాడు
పీకగానే ఆగిపోయింది!! జివ్వుమనడం కూడా నిజమే, లాప్‌టాపుకి అది మామూలే అనుకునేవాణ్ణి.

ఎల్గందుల_పాట
మామూలు కాదు. ఎర్తింగ్ చూపియ్యి. అప్పటిదాంక బ్యాటరీ మీద రికార్డు చేసుకో.

గుణదల_కుర్రాడు
ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. గోడ సాకెట్టుకి మూడు రంధ్రాలున్నాయి గానీ మూడోదానికి తీగే కలపలేదట. ఇల్లు కట్టినప్పట్నుంచీ అంతేనట. ఇప్పుడు చార్జర్ పెట్టినా చప్పుడు లేదు.

డల్లాస్_తాతబ్బాయి
గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మీట, ఎంత పెడుతున్నారు? 24 బిట్లలో రికార్డు చేస్తుంటే గట్టిగా పాడిన చోట సాఫ్ట్‌వేర్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు, ఎర్ర దీపం దాకా తోసుకెళ్లకండి. హార్డ్ డిస్కు ఖాళీ కూడా చూసుకోండి. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లలో ఒక్క ట్రాకు నిమిషానికి 8.6 ఎంబీ. రెండు మైకులతో అరగంట పాఠమంటే అర జీబీ దాటుతుంది.

గుణదల_కుర్రాడు
మైనస్ 12కి తెచ్చానండీ. ఇక మిగిలింది ఒక్కటే, అక్క మైకులో మృదంగం బాగా పడుతోంది.

శ్రుతిపెట్టె
మామూలు పాట మైకు కార్డియాయిడ్ రకమే అయ్యుంటుంది, దాని వెనక భాగానికి చెవుడు. మాస్టారిని అక్క పక్కన కాకుండా ఎదురుగా, ఆ మైకు వీపు తన వైపు ఉండేలా కూర్చోబెట్టు. ఒకళ్ల ముఖం ఒకళ్లకి కనిపిస్తుంది కాబట్టి తాళానికీ మంచిది.

గుణదల_కుర్రాడు
ఎదురుగా కూర్చోమన్నాను. "నలభై ఏళ్లుగా పక్కనే కూర్చుంటున్నాను, ఇప్పుడు మీ మైకు కోసం జరగాలా" అన్నారు. కాఫీ ఇచ్చాక రెండడుగులు జరిగారు. మిగతాది వచ్చే ఆదివారం చూడాలి.