నెలసరి ఆగాక నడక చాలా, బరువులు ఎత్తాలా?

గోదావరిగట్టు: అమ్మకు యాభై రెండేళ్లు. నెలసరి ఆగి రెండేళ్లయింది. డెక్సా పరీక్షలో ఎముకల సాంద్రత తగ్గిందని తేలింది. రోజూ నడుస్తుంది. డాక్టరు గారు బరువులు ఎత్తమన్నారు, ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

శారదాంబ: ఇంట్లోవాళ్ల మాటే సబబు. బిందెలు మోసి పెరిగిన ఒళ్లు మనవి. నడక, రాగిజావ చాలు. బరువులెత్తితే గర్భసంచి జారుతుంది.

కండపుష్టి: శారదాంబ గారూ, బిందె బరువు ఇరవై ఏళ్ల కిందట ఎంతో ఇప్పుడూ అంతే. అలవాటైన బరువుకు ఎముక కొత్తగా గట్టిపడదు, బరువు క్రమంగా పెరగాలి. నెలసరి ఆగి, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గగానే ఎముకను కరిగించే కణాలు జోరందుకుంటాయి, కట్టే కణాలు వాటితో సమానంగా పనిచేయలేవు. నడక గుండెకు మేలే, వెన్నెముకకు మాత్రం దానితో ఒరిగేది తక్కువ.

ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ అనే పరిశోధన జరిగింది, ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ఎముకలు పలచబడిన, 58 దాటిన 101 మంది స్త్రీలు పాల్గొన్నారు. ఒక బృందం వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలు చేసింది. బరువులు తగిలించిన బార్‌ను నేల మీంచి లేపడం, దాన్ని తలపైకి ఎత్తడం, భుజాల మీద పెట్టుకుని గుంజీలు తీయడం, ఒక్కోటీ 5 సార్ల చొప్పున 5 విడతలు. వాళ్ల నడుము వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది!

శారదాంబ: అక్కడ పక్కనే నిపుణులు నిలబడి చేయించి ఉంటారు. మా ఊరి జిమ్‌లో ఉన్నది ఇరవై ఏళ్ల కుర్రాడు. మెనోపాజ్ సంగతి అతనికేం తెలుసు?

కండపుష్టి: నిజమే, అక్కడ పర్యవేక్షణ ఉంది. మొదటి నెలంతా తక్కువ బరువుతో పద్ధతి నేర్పాకే పెంచారు. మనకు అలా నేర్పేవాళ్లు కావాలని అడగాలి కానీ, ఆడవాళ్లను బరువులకే దూరం పెట్టడం అన్యాయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ల శాతం ఎక్కువగా కనిపించేది మన రెండు రాష్ట్రాల్లోనే. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఆ రోజే మొదలవుతుంది, వయసు ముప్పై అయిదైనా సరే. వాళ్లకు కూడా నడక చాలంటామా?

గర్భసంచి ఇప్పటికే జారినవాళ్లు ముందు గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. మిగతావాళ్లు ఊపిరి బిగబట్టకుండా, లేపేటప్పుడు వదలడం నేర్చుకోవాలి.

గోదావరిగట్టు గారూ, అమ్మగారి ఎత్తు తగ్గిందా? వెన్ను వంగిందా? అలా ఉంటే బరువు పట్టించే ముందు వెన్నుకు ఎక్స్‌రే తీయించమని డాక్టరు గారిని అడగండి. లేకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గర, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడంతో మొదలుపెట్టించండి.