అప్‌డేట్: తాగుడు మానలేని రూమ్‌మేట్ సంగతి

హాస్టల్ గదిలో నాతో ఉండే మిత్రుడు పొద్దున్నే తాగితే తప్ప చేతుల వణుకు ఆగని స్థితికి వచ్చాడని, వార్డెన్‌కు చెప్పాలా, ఇంట్లో చెప్పాలా అని అడిగాను కదా. "గదిలో పెట్టి తాళం వేయండి, దారికొస్తాడు" అన్నవారికి ముందుగా ఒక మాట: ఆ సలహా పాటించి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది.

14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చని, ఆ తర్వాత మతి తప్పవచ్చని, వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలని చెప్పారు.

ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో డాక్టరు 10 ప్రశ్నలు అడిగారు. "తాగిన రాత్రి జరిగింది మర్నాడు గుర్తులేకపోవడం ఉందా?" అన్నదానికి వాడు నావైపు చూశాడు. గుర్తుంటే కదా చెప్పడానికి! నేనే జవాబిచ్చాను. ఆ జవాబులకు మార్కులు వేస్తారు; 40కి 20 లేదా అంతకు మించి వస్తే వ్యసనంగా అనుమానిస్తారట, వీడికి 27. వెంటనే చేర్చుకున్నారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, వణుకు తగ్గే మాత్రలు మొదలుపెట్టి మోతాదు క్రమంగా తగ్గించారు.

నాన్నగారికి వాడే ఫోన్ చేసి చెప్పాడు. తిట్లు నాకూ పడ్డాయి, పోనీలెండి. వార్డెన్‌కు మాత్రం అనారోగ్యమని సెలవు చీటీ ఇచ్చాం. శనివారం పార్టీకి పిలిచే బృందం ఇంకా పక్క గదిలోనే ఉంది కాబట్టి గది మార్పుకు దరఖాస్తు పెట్టాం.