వార్మ్‌హోల్‌లో మిగిలిన ద్రవ్యరాశిని అంకెల్లో చూపాలా?

ధ్రువతార:
అంతరిక్ష ఓడల ఆన్‌లైన్ ఆట ఈవ్ ఆన్‌లైన్‌లో వార్మ్‌హోల్‌పై, అంటే దూరపు నక్షత్ర వ్యవస్థలను కొంతకాలం కలిపే రంధ్రంపై, ‘షో ఇన్ఫో’ నొక్కితే అది ఎలాంటి అంతరిక్షానికి దారితీస్తుందో, ఎంత పెద్ద ఓడలు అందులో పడతాయో, ఇంకెంతకాలం నిలుస్తుందో, దాటిపోయిన ఓడల బరువుకు ఎంత బలహీనపడిందో మాటల్లో తెలుస్తుంది. ఈ మాటలకు బదులు మిగిలిన ద్రవ్యరాశిని కిలోల్లో చూపాలని కోరేవారితో నేను ఏకీభవించను, ఎందుకంటే చదవడం తెలిసినవారికి ఆ మాటల్లోనే కావలసినంత సమాచారం ఉంది.

బి274 అనే కోడ్ ఉన్న వార్మ్‌హోల్ రకాన్ని తీసుకోండి. దాని మొత్తం ద్రవ్యరాశి పరిమితి, అంటే మొత్తం ఎంత బరువు దాటితే అది మూసుకుపోతుందో ఆ హద్దు, సుమారు 200 కోట్ల కిలోలు, కానీ ఒక్కో రంధ్రానికి ఇది పది శాతం అటూఇటూ మారుతుంది కాబట్టి అసలు పరిమితి 180 నుంచి 220 కోట్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మొదట స్థిరత్వం పెద్దగా దెబ్బతినలేదన్న మాట ఉంటుంది, సగం వాడకం అయ్యాక స్థిరత్వం తగ్గిందన్న మాట కనిపిస్తుంది, పది శాతంకన్నా తక్కువ మిగిలితే పరిస్థితి విషమించిందని చూపుతుంది. ఇప్పుడు కొత్తగా తెరుచుకున్న రంధ్రంలో మన ఓడలే లెక్కపెట్టుకుంటూ 100 కోట్ల కిలోలు దాటించినా మొదటి మాట మారలేదంటే, దాని పరిమితి 200 కోట్లకు తగ్గదని, మిగిలింది 100 నుంచి 120 కోట్ల మధ్య ఉందని తేలుతుంది. ఏ అంకే చూపకుండానే ఊహ పరిధి సగానికి తగ్గింది. రంధ్రాన్ని మూసేందుకు రోలింగ్ చేసేవారి, అంటే కావాలనే బరువైన ఓడలను అటూఇటూ దాటించేవారి, నైపుణ్యమంతా ఈ లెక్కలోనే ఉంది. అంకె తెరపై ఉంటే ఎవరూ అవతల చిక్కుకోరు, ఎవరూ లెక్క వేయరు.

దూరయాత్రికుడు:
ధ్రువతార గారూ, మీ లెక్క సరైనదే. కానీ ఆ 200 కోట్ల అంకెను ఆటగాళ్ళలో ఎక్కువమంది ఆట బయట ఇతరులు తయారుచేసిన పట్టికల్లో చూసుకుంటున్నారు. పట్టిక సంగతి తెలిసినవారికి మీరు చెప్పిన నైపుణ్యం అందుతుంది, తెలియని కొత్తవారికి మాత్రం మూడు అస్పష్టమైన మాటలే మిగులుతాయి. పైగా మనకన్నా ముందు ఎవరెవరు ఆ రంధ్రం దాటారో తెలియనప్పుడు, మొదటి 100 కోట్లు మనవేనన్న మీ ఊహ నిలవదు. బ్యాటిల్‌షిప్ అనే పెద్ద యుద్ధ ఓడ ఒక్కటే సుమారు 10 కోట్ల కిలోలు ఉంటుంది, దాని వేగాన్ని పెంచే మైక్రోవార్ప్‌డ్రైవ్ నడుస్తుంటే మరో 5 కోట్లు కలుస్తాయి. రెండు మూడు ఓడలు ముందే వెళ్ళి ఉంటే మీ లెక్క చెల్లదు.

ధ్రువతార:
మీ మొదటి మాటను పూర్తిగా అంగీకరిస్తున్నాను. రకాన్నిబట్టి మారని విషయాలు, అంటే మొత్తం పరిమితి, ఒక్కసారికి పట్టే బరువు, ఆయుష్షు, కోడ్ పక్కనే ఆటలో కనిపించాలి. వాటిని దాచడంవల్ల ఎవరికీ మేలు లేదు. ఫలానా రంధ్రం ఈ క్షణాన ఏ స్థితిలో ఉందన్నది వేరే విషయం. ముందు ఎవరు దాటారో తెలియకపోవడం లోపం కాదు, 2009లో అపోక్రిఫా విస్తరణతో వచ్చిన ఈ వార్మ్‌హోల్ అంతరిక్షానికి అదే ప్రాణం. ఇక్కడ మాట్లాడితే తప్ప, వ్యవస్థలో ఎవరున్నారో చూపే లోకల్ చాట్ జాబితాలో ఎవరి పేరూ కనిపించదు. మిగిలిన ద్రవ్యరాశిని అంకెల్లో చూపితే, అది తగ్గినప్పుడల్లా ఎంత బరువైన ఓడ ఎప్పుడు దాటిందో కూర్చున్నచోటే తెలిసిపోతుంది, గస్తీ కాసే స్కౌట్ అవసరమే ఉండదు.

కక్ష్య:
ఇద్దరూ కె162 అనే కోడ్ ఊసెత్తలేదు. అవతలివైపు నుంచి తెరుచుకున్న రంధ్రానికి మనవైపు ఎప్పుడూ ఈ ఒక్క కోడే ఉంటుంది కాబట్టి దాని అసలు రకం నేరుగా తెలియదు. అయినా 2014లో హైపీరియన్ మార్పులు వచ్చాక, అవతలివైపు నుంచి మొదటి ఓడ దాటినప్పుడే కె162 సిగ్నేచర్, అంటే స్కాన్‌లో దొరికే దాని గుర్తు, మనవైపు పుడుతుంది. అంటే స్కాన్‌లో అది కొత్తగా కనిపించిందంటే ఎవరో వచ్చారన్నమాట. ఇంత స్పష్టమైన హెచ్చరికను ఏ అంకె ఇవ్వగలదు?

కొత్తవారు చిక్కుకుపోతారన్న భయమే అసలు అభ్యంతరమైతే దానికి మార్గం ఆటలోనే ఉంది. వార్మ్‌హోల్ అంతరిక్షంలోని దాదాపు ప్రతి నక్షత్ర వ్యవస్థకూ కనీసం ఒక స్థిరమైన రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోతే మరొకటి పుడుతుంది. ఓడలో రంధ్రాలను వెతికే ప్రోబ్‌లు తగినన్ని, వాటిని వదిలే ప్రోబ్ లాంచర్ ఉన్నవారు వెనక్కి వచ్చే దారి కూలిపోయినా మరో దారిని వెతుక్కోగలరు. అవి లేకుండా విషమ స్థితిలో ఉన్న రంధ్రాన్ని దాటవద్దని శిక్షణ దశలోనే ఆట చెప్పాలని నేను కోరతాను, కిలోల అంకెను మాత్రం కోరను.