ఏడాది ప్యాకేజీ సగం ధరకే ఇస్తామంటున్నారు, కట్టేయమంటారా?

ప్రశ్న:

నమస్కారం అండీ. నాది షిఫ్టుల ఉద్యోగం. ఒక నెల పగలు, ఒక నెల రాత్రి. షుగర్ బోర్డర్‌లో ఉంది, నడకతో పాటు కాస్త బరువులు కూడా ఎత్తమని డాక్టర్ గారు చెప్పారు. అందుకని రెండు జిమ్‌లు చూసొచ్చాను.

మొదటిది ఇంటికి దగ్గర. వాళ్ల లెక్క ఇది: నెలనెలా కడితే పూర్తి ఫీజు. మూడు నెలలకు ఒకేసారి కడితే రెండున్నర నెలల ఫీజు. ఏడాదికి కడితే ఆరు నెలల ఫీజే. ఇవి కాక అడ్మిషన్ అని ఇంకో నెల ఫీజంత. ఈ ఆదివారంలోపు ఏడాదిది కట్టేస్తే అడ్మిషన్ మాఫీ చేస్తారట. రెండోది ఇంకాస్త చౌక, కానీ దూరం.

మా ఆవిడేమో "ముందు వెళ్లడం మొదలుపెట్టండి, ఏడాది సంగతి తర్వాత చూద్దాం" అంటోంది. సగానికి సగం తగ్గుతుంటే వదులుకోవడమెందుకని నా బాధ. నైట్ షిఫ్ట్ నెలలో ఏపాటి వెళ్తానో నాకే తెలియదు. ఏం చేయమంటారు? ఇంకా తగ్గించుకునే దారులుంటే చెప్పండి.

జవాబు 1:

జిమ్ ఎందుకు బ్రో? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చాలు. చురుగ్గా నడిస్తే అది వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు. కండరాలకు పని పెట్టమన్నది వారానికి కనీసం రెండు రోజులు. దానికి రెండు రెసిస్టెన్స్ బ్యాండ్లు, ఒక జత డంబెల్స్ సరిపోతాయి. డంబెల్స్ కొత్తవి కొనకు, సెకండ్ హ్యాండ్‌లో బోలెడు దొరుకుతాయి. ఇనుము కదా, పాడయ్యేదేముంది.

జవాబు 2:

కొన్నేళ్లు జిమ్ కౌంటర్‌లో కూర్చుని మెంబర్‌షిప్‌లు అమ్మాను. ఇప్పుడు ఆ పనిలో లేను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

ముందు ఆ ఆదివారం సంగతి. కంగారు పడకండి, ఆదివారం ప్రతి వారం వస్తుంది. మాకు నెలవారీ టార్గెట్ ఉండేది. నెల మొదట్లో "కుదరదు సార్" అన్న నోటితోనే నెలాఖరులో "మీ కోసం మేనేజర్‌తో మాట్లాడతాను" అనేవాళ్లం. మేనేజర్ పక్క గదిలో టీ తాగుతూ ఉండేవాడు. కాబట్టి నెలాఖరులో వెళ్లి బేరం ఆడండి.

అన్నిటికంటే తేలిగ్గా తగ్గేది అడ్మిషన్ ఫీజు. మీ పేరు రిజిస్టర్‌లో రాసుకుని కార్డు ఇవ్వడానికి జిమ్‌కు పెద్ద ఖర్చేం ఉండదు. మూడు నెలల ప్లాన్‌కు కూడా మాఫీ చేయమని అడగండి. కుదరదంటే సగమైనా తగ్గించమనండి.

ఇప్పుడు మీ సగం ధర లెక్క. మూడు నెలలు తీసుకుని, నచ్చాక ఏడాదికి మారారనుకోండి. రెండున్నర, ఆరు కలిపి ఎనిమిదిన్నర నెలల ఫీజుతో 15 నెలలు వెళ్తారు. అదే 15 నెలలకు ఏడాది రేటు వేసుకుంటే ఏడున్నర. అంటే ఆగి చూసినందుకు మీకు పడే భారం ఒక్క నెల ఫీజు. అదే ఇవాళ ఏడాదికి కట్టి, మూడు నెలలకే మానేస్తే పోయేది మూడున్నర నెలల ఫీజు. అడ్మిషన్ మాఫీ కాకపోతే ఈ తేడా కొంత తగ్గుతుంది, అందుకే ముందు దాని మీద కూర్చోమంటున్నాను. ఏపాటి వెళ్తారో మీకే తెలియదని మీరే రాశారు కదా. మేడమ్ గారి మాటే కరెక్టు.

జనం వెళ్తామనుకున్నంత వెళ్లరు, జిమ్‌ల వ్యాపారమే దాని మీద నడుస్తుంది. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌ల హాజరు రికార్డులు తిరగేసి 2006లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. నెలవారీ మెంబర్లు నెలకు సగటున నాలుగుసార్ల కంటే కాస్త ఎక్కువ వచ్చారు, అంతే. పది సార్ల పాస్ కొనుక్కుంటే ఒక్కో రాకకు 10 డాలర్లు పడేది, వీళ్లకు 17 డాలర్ల పైన పడింది. అక్కడైనా ఎక్కడైనా చూడాల్సింది నెలకు ఎంత అని కాదు, వెళ్లినప్పుడల్లా ఎంత పడుతోందని. నైట్ షిఫ్ట్ నెలలకు అలాంటి పాస్ ఉందేమో అడగండి. బోర్డు మీద రాయరు, అడిగితేనే చెప్తారు.

ఇంకోటి. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు మధ్యాహ్నం ఖాళీ ఉంటుంది. ఆ వేళ జిమ్‌లో ఈగలు తోలుకుంటూ ఉండేవాళ్లం. రద్దీ లేని వేళలకు మాత్రమే వర్తించే తక్కువ ధర కార్డు చాలా చోట్ల ఉంటుంది. కానీ మీకు పగటి డ్యూటీ పడిన నెలలో అది పనికిరాదు. వేళలు మార్చుకునే వీలుందో లేదో ముందే తేల్చుకోండి.

దూరం జిమ్ వదిలేయండి. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చాక ఎవరు వెళ్తారు?

జవాబు 3:

పై ఆయన ఫ్రీజ్ గురించి చెప్పలేదు. షిఫ్టుల వాళ్లకు అసలు అదే ముఖ్యం కదా. మెంబర్‌షిప్ ఆపుకుంటే ఆ రోజులు చివర్లో కలపాలి. ఏడాదిలో మొత్తం ఎన్ని రోజులు, ఒక్కసారికి కనీసం ఎన్ని రోజులు, ముందుగా ఎప్పుడు చెప్పాలి, దానికి ఛార్జీ ఉందా, ఈ నాలుగూ అడగండి.

నేనూ మావారూ కపుల్ ప్లాన్ తీసుకున్నాం. మా అత్తగారికి ఆపరేషన్ అయినప్పుడు నాది ఒక్కదానిదే ఆపమంటే, ఆపితే ఇద్దరిదీ ఆపాలన్నారు. చేరేటప్పుడు మాటిచ్చిన మేనేజర్ అప్పటికే మానేశాడు. కొత్తాయన "ఎవరు చెప్పారండీ" అన్నాడు. చివరికి వాట్సాప్‌లో ఆ పాత మేనేజర్ పెట్టిన మెసేజ్ చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. నోటిమాట ఏదైనా సరే, కౌంటర్ దగ్గరే నిలబడి మెసేజ్ పెట్టించుకోండి.

పర్సనల్ ట్రైనింగ్ దగ్గర కూడా జాగ్రత్త. మొదటి వారం ఫ్రీగా నేర్పి, ఆనక నెల ప్యాకేజీ చేతిలో పెడతారు. అది మెంబర్‌షిప్ కంటే ఎక్కువే ఉండొచ్చు. బరువులు సరిగ్గా ఎత్తడం నేర్చుకోవడానికి కొన్ని క్లాసులు విడిగా తీసుకుంటే చాలు, మొహమాటపడొద్దు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ థాంక్స్ అండీ. నెలాఖరు చూసుకుని వెళ్లాను. మూడు నెలలకు అడ్మిషన్ పూర్తిగా తీసేయలేదు గానీ సగానికి దిగారు. మొదటి నెలలోనే ఏడాదికి మారితే ఇప్పుడు కట్టింది అందులో సర్దుతామని రశీదు వెనక రాసి సంతకం పెట్టారు. మధ్యాహ్నం కార్డు నిజంగానే ఉంది, బోర్డు మీద లేదు. కానీ నెలకోసారి వేళలు మార్చడం కుదరదన్నారు, అందుకే మామూలుదే తీసుకుంటున్నాను. ఫ్రీజ్ మాత్రం మూడు నెలల ప్లాన్‌కు ఒక్కసారే. ఒక నైట్ షిఫ్ట్ నెల గట్టెక్కుతుంది.

ఒక్క డౌట్. మూడు నెలలయ్యాక దానంతటదే రెన్యూ అయ్యేలా ఆటో డెబిట్ పెట్టమంటున్నారు. పెడితే ఇంకో పది శాతం తగ్గిస్తారట.

జవాబు 2:

పది శాతం మంచిదే. కానీ రెన్యూ అయ్యేటప్పుడు ఏ రేటు పడుతుందో అడిగారా? ఇప్పుడిచ్చిన ఆఫర్ రేటా, బోర్డు రేటా? బోర్డు రేటయితే ఆ పది శాతం తిరిగి లాగేసుకున్నట్టే. ఆపాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా చూడండి. నెల ముందు చెప్పాలనే రూల్ ఉంటే, మూడో నెల మొదలయ్యేలోపే మీరు తేల్చుకోవాలి. ఆపాలనుకుంటే ఆ గడువులోపే జిమ్‌కు రాతపూర్వకంగా చెప్పండి, బ్యాంకు యాప్‌లో ఆ పర్మిషన్ కూడా విడిగా రద్దు చేయండి. ఒక్క బ్యాంకులో ఆపేసి ఊరుకుంటే జిమ్ లెక్కల్లో బాకీ పడుతుంది, దాని కోసం ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్లు చేసే డ్యూటీ కూడా నాదే ఉండేది లెండి.